వరద పోయింది, ఎదురింటివాళ్లు ఇంకా మా మేడ మీదే ఉన్నారు

హన్మకొండలో నాలా పక్కనున్న ఒక కాలనీ నుంచి ఒక సోదరి రాశారు. పేరూ కాలనీ పేరూ వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాం.

మూడు వారాల కింద తెల్లవారుజామున నాలా పొంగి వాళ్ల లైనులోని ఇళ్లన్నిటిలోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. వీళ్ల ఇల్లు ఎత్తు మీద కట్టింది, పైన ఒక గది కూడా ఉంది, అందుకని మునగలేదు. ఎదురింట్లో కిరాయికి ఉండే కుటుంబం ఆ రోజు వీళ్ల మేడ మీదికి ఎక్కింది. ఆయన ఆటో నడుపుతాడు. ఆయన భార్యను ఈ సోదరి వదినా అని పిలుస్తుంది. ఇద్దరు పిల్లలు, ఆయాసం ఉన్న అత్త. ఇప్పటికీ అక్కడే ఉన్నారు. మొదటి వారం ఒకే పొయ్యి మీద అందరికీ వండారు. ఇప్పుడు గ్యాసు దగ్గర, నీళ్ల దగ్గర, బాత్రూం దగ్గర ముఖాలు మాడుతున్నాయి. "ఇంకా ఎన్ని రోజులు?" అని భర్త అడుగుతున్నారు. వదిన వాళ్ల ఇంటి ఓనరేమో "రంగులేయిస్తున్న, వారంల దిగుండ్రి, ఈ నెల కిరాయి మాత్రం ఇయ్యాలె" అంటున్నాడు.

రెండో చిక్కు డబ్బుది. కాలనీలో, బయట కలిపి రూ.1,42,000 వసూలైంది. మునిగినవి 38 ఇళ్లు. ఇంటికి ఇంత అని సమానంగా పంచేద్దామని పెద్దమనుషులు తేల్చారు. కానీ కిరాయిదార్లను కలుపుకుంటే అక్కడ వెలిగే పొయ్యిలు, అంటే విడిగా వండుకునే కుటుంబాలు, 61. ఆ మాట గ్రూపులో అంటే "మీ ఇల్లు మునగలేదు గదా, మీకేం తెలుసు" అన్నారట. తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒకాయన సామాను కాకుండా ఇంటికి రూ.1,200 తీసుకుని వైరింగ్ అంతా పరీక్షిస్తానన్నాడు. దాన్నీ ఎవరూ పట్టించుకోలేదు.

మూడోది, లైను చివర ఒంటరిగా ఉండే రిటైర్డ్ సారు. అన్నం పంపితే తిప్పి పంపుతున్నారు. తడిసిన మంచం మీదే పడుకుంటున్నారు.

"పొమ్మంటే పాపం, ఉండమంటే ఇంట్ల లొల్లి. డబ్బుల గురించి మాట్లాడితే నేనే చెడ్డదాన్నయిన. ఏం చేయాలె?" అని ముగించారు.

సమాధానం

మీ భర్త అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతాను. "ఇంకా ఎన్ని రోజులు" అనడంలో తప్పు లేదు. జవాబు ఎవరి దగ్గరా లేకపోవడమే మీ ఇంట్లో లొల్లికి కారణం. వదినకూ అదే బాధ ఉండి ఉంటుంది. పొమ్మంటారేమోనని రోజూ మీ ముఖం చూస్తూ ఉంటుంది. ఈ తేదీని మీరో, వాళ్లో, ఓనరో మనసులో అనుకుని పెట్టకూడదు. ఆ ఇంటి గోడ, కరెంటు, నీళ్లు కలిసి పెట్టాలి. ఆ మూడూ ఎప్పటికి సిద్ధమవుతాయో లెక్క తీసి అందరూ కూర్చుని మాట్లాడుకుంటే, వెళ్లమన్న మాట మీ నోట రావాల్సిన పని ఉండదు.

ముందు గోడ సంగతి. నడుము లోతు నీళ్లు నిలిచిన ఇటుక గోడ లోపలి దాకా తాగుతుంది. పైన ముట్టుకుంటే పొడిగా ఉన్నా లోపల చెమ్మ ఉంటుంది. మామూలుగా గోడ మందంలో ఒక అంగుళం ఆరడానికి నెల పడుతుందని లెక్క. తొమ్మిదంగుళాల గోడ పూర్తిగా ఆరాలంటే ఎన్ని నెలలో మీరే చూడండి. అన్నాళ్లు ఎవరూ ఆగలేరు, ఆగనక్కర్లేదు కూడా. మనుషులు ఉండగలిగేంత ఆరితే చాలు. అది తెలుసుకోవడానికి అడుగు పొడవు, అడుగు వెడల్పు దళసరి పాలిథిన్ ముక్కను నీటి గుర్తుకు కింద గోడకు ఆనించి, నాలుగు వైపులా గాలి చొరకుండా టేపు అంటించండి. 24 గంటల తర్వాత తీసి చూస్తే లోపలివైపు నీటి బొట్లు కనబడితే గోడ ఇంకా నీళ్లు వదులుతున్నట్టు. బొట్లు లేకుండా మసకగా మాత్రమే ఉంటే, కిటికీలు తెరిచిపెట్టుకుని ఉండొచ్చు. ప్రతి గదిలో రెండు చోట్ల చూడాలి. బాత్రూం గోడను, ఎండ తగలని ఉత్తరం గోడను వదిలేయొద్దు.

ఓనరు రంగులేయిస్తానంటున్నది ఈ తడి గోడ మీదే. పుట్టీ పట్టి ఎమల్షన్ వేస్తే చెమ్మ బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. కొన్నాళ్లకు రంగు పొక్కి, ఉప్పు పొంగి, పెచ్చులు రాలతాయి. రంగు వెనక బూజు పట్టిందంటే ఆయాసం ఉన్న ఆ పెద్దమ్మకు గాలి ఆడదు. ఓనరుకు చెప్పేటప్పుడు కిరాయిదారు కష్టం గురించి కాకుండా ఆయన ఖర్చు గురించి చెప్పండి. ఇప్పుడు వేసిన రంగు ఎండకాలానికి మళ్లీ గీకి వేయాల్సిందేనని, ఇప్పటికి పొక్కిన పాత రంగు, వదులైన ప్లాస్టరు గీకించి సున్నం కొట్టిస్తే చాలని చెప్పండి. సున్నం గోడకు ఊపిరి ఆడనిస్తుంది, బూజునూ ఆపుతుంది, ఖర్చూ తక్కువ. రంగులు ఎండలు ముదిరాక వేయించుకోవచ్చు.

కరెంటు దగ్గర మాత్రం తొందర అసలే పనికిరాదు. నీళ్లు తీసిన తర్వాత కూడా కరెంటుతో ప్రాణాలు పోవచ్చు. గోడలోని పైపుల్లోకి బురద నీళ్లు పోతాయి. నీళ్లు ఇగిరిపోయినా సన్నని ఒండ్రు లోపల మిగిలిపోయి చెమ్మను పట్టుకుని ఉంటుంది. స్విచ్ వేస్తే లైటు వెలుగుతుంది, బాగానే ఉందనుకుంటారు. పదిరోజులకు ఫ్రిజ్ ఒళ్లు షాక్ కొడుతుంది, లేదా తడి గోడే జుమ్మంటుంది. అందుకని మెయిన్ ఆపి, మునిగిన ప్రతి బోర్డూ విప్పాలి. మునిగిన స్విచ్చులు, సాకెట్లు, ఎంసీబీలు తుడిచి వాడేవి కావు, మార్చాల్సిందే. పైపుల్లో గాలి కొట్టించి, వైరు లాగి చూసి, దెబ్బతిన్నది మార్చాలి. తర్వాత 500 వోల్టుల మెగ్గర్ (వైరు నుంచి కరెంటు కారుతోందా అని చూసే మీటరు) పెడితే ఒక మెగాఓమ్‌కు తగ్గకూడదు. తగ్గితే ఆ లైను ఇంకా ఆరాలన్నమాట. ఎర్తింగ్ చూపించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టిస్తే, లీకేజీ ఉన్న క్షణమే అది కరెంటు ఆపేస్తుంది. మీటరు, సర్వీసు వైరు మునిగి ఉంటే వాటిని విద్యుత్ సంస్థవాళ్లే చూడాలి, 1912కు చెప్పండి. మీ ఎలక్ట్రీషియన్ అడిగిన రూ.1,200 ఈ పనికి ఎక్కువేమీ కాదు. ఆయన దగ్గర మెగ్గర్ ఉందా అని మాత్రం ముందే అడగండి. టెస్టర్ ఒక్కటి పట్టుకుని చేసే పరీక్ష దీనికి చాలదు.

ఇక నీళ్లు. సంపు కడిగి వదిలేస్తే సరిపోదు. మూడు వారాలైనా చాలా ఇళ్లలో అంతే చేసి ఉంటారు. నాలా నీళ్లలో మురుగూ కలుస్తుంది. మూత తీసి గాలి బాగా ఆడనిచ్చాకే, పైన ఒక మనిషి నిలబడి ఉండగానే లోపలికి దిగాలి. మూసి ఉన్న సంపులో గాలి చెడి ఉంటుంది. బురద తోడి, గోడలు రుద్ది, నీళ్లు నింపాలి. 5,000 లీటర్ల సంపుకు ఒక కిలో బ్లీచింగ్ పౌడరు కావాలి. బకెట్ నీళ్లలో కలిపి, ముద్ద కిందికి దిగాక పై తేటను మాత్రం సంపులో పోయండి. మోటరు నీళ్లలో మునిగి ఉంటే మెకానిక్ విప్పి ఆరబెట్టి బాగుందని చెప్పేదాకా వేయొద్దు. తర్వాత మోటరు వేసి, ప్రతి నల్లా దగ్గరా బ్లీచింగ్ వాసన వచ్చేదాకా వదిలి, అన్నీ కట్టేసి 12 గంటలు అలాగే ఉంచి, ఆ నీళ్లు మొత్తం పారబోయాలి. కొత్తగా నింపిన నీళ్లకు 12 నుంచి 15 గ్రాములు చాలు, గంట ఆగి వాడుకోవచ్చు. తాగే నీళ్లను మాత్రం ఇంకొన్నాళ్లు మరగకాచండి. పౌడరు సీలు ఉన్న సంచిలోదే తీసుకోండి. గాలికి తెరిచి ఉన్నదాంట్లో క్లోరిన్ చాలావరకు పోయి ఉండొచ్చు.

నేల, గోడలు కడగడానికి 10 లీటర్ల నీళ్లకు 200 గ్రాములు. బురద పూర్తిగా పోయాకే ఇది పోయాలి, బురద ఉంటే మందు దానికే ఖర్చయిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, టైల్స్ కడిగే యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ ఎట్టి పరిస్థితుల్లో కలపనీయకండి. క్లోరిన్ గ్యాసు పుడుతుంది. తలుపు మూసిన బాత్రూంలో అది ప్రాణం తీయగలదు. ఈ ఒక్క మాట గ్రూపులో ఇప్పుడే పెట్టండి.

పని మొదలుపెడితే ఇవన్నీ పది పన్నెండు రోజుల్లో అవుతాయి. కాబట్టి వదిన వాళ్లతో మాట్లాడేటప్పుడు మీ ముందు మూడు దారులున్నాయి.

అందరూ ఇంకో రెండు వారాలు మేడ మీదే ఉండటం మొదటిది. అలాగైతే పొయ్యి ఈ రోజే వేరు చేయండి. సిలిండరో ఇండక్షన్ పొయ్యో పైన పెట్టించి, కరెంటు బిల్లులో ఇంత అని మాట్లాడుకోండి. డబ్బు తీసుకోవడం మీకు కష్టంగా అనిపిస్తుంది. కానీ ఎంతో కొంత ఇచ్చుకుంటేనే వదిన మీ ఇంట్లో తల వంచుకోకుండా తిరుగుతుంది. రెండో దారి విడతలుగా వెళ్లడం. పగలంతా అక్కడ కిటికీలు తెరిచి, సామాను సర్దుకుంటూ, రాత్రికి పైకి రావడం. కరెంటు పరీక్ష కాగానే ఆయనా వదినా అక్కడ పడుకోవచ్చు. పిల్లలు తర్వాత, ఆయాసం ఉన్న పెద్దమ్మ అందరికన్నా చివర. నాకు ఇదే మేలనిపిస్తోంది. కిటికీలు తెరిచి ఉంటే ఇల్లు తొందరగా ఆరుతుంది, మీ ఇంట్లో ఒత్తిడీ రోజురోజుకూ తగ్గుతుంది. మూడోది, వాళ్లు వేరే కిరాయి ఇల్లు చూసుకోవడం. పిల్లల బడి, ఆయన ఆటో అడ్డా దూరమవుతాయి, పాత అడ్వాన్సు చేతికి రావడమూ కష్టమే. ఓనరు ఏ మాటకూ లొంగకపోతేనే ఆ దారి.

ఈ నెల కిరాయి గురించి చట్టం నుంచి పెద్దగా ఆశించలేం. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, వరద వల్ల ఇల్లు శాశ్వతంగా పనికిరాకుండా పోతే కిరాయిదారు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. కొన్ని వారాల తడి దాని కిందికి రాదు. అందుకని మాట్లాడి తెచ్చుకోవాల్సిందే. బురద ఎత్తింది, ఇల్లు కడిగింది వీళ్లే. ఆ కూలి లెక్కగట్టి, ఉండని రోజుల కిరాయి మాఫీ అడగండి. ఒప్పుకుంటే తెల్లకాగితం మీద రెండు ముక్కలు రాసి ఇద్దరి చేతా సంతకం పెట్టించండి.

ఇక రూ.1,42,000. ఇంటి నంబరు లెక్కన పంచితే ఓనరుకు రూ.3,736 వస్తుంది. లైనులో ఎవరికీ కోపం రాదు, పని ఒక్క రోజులో అయిపోతుంది. కానీ మునిగిన గిన్నెలు, బట్టలు, బియ్యం చాలావరకు కిరాయిదార్లవి, వాళ్లకు పైసా రాదు. పొయ్యిల లెక్కన పంచితే తలా రూ.2,327. అది న్యాయంగానే కనిపిస్తుంది, కానీ ఆ డబ్బుతో ఎవరి వైరింగూ బాగవదు, ఎవరి సంపూ శుభ్రపడదు. సరుకులకు, బాకీలకు పోతుంది.

పెద్దమనుషుల ముందు ఇంకో లెక్క పెట్టి చూడండి. 38 ఇళ్లకూ వరసగా వైరింగ్ పరీక్ష, రూ.45,600. బ్లీచింగ్ రెండు 25 కిలోల సంచులు (38 సంపులకు 38 కిలోలు పోగా మిగిలింది నేలలకు), నాలుగు పెద్ద స్టాండు ఫ్యాన్ల కిరాయి, ప్రెషర్ వాషర్ కిరాయి, గమ్‌బూట్లు, పాలిథిన్, వీటన్నిటికీ కలిపి రూ.15,000 దాటకూడదని గీత గీయండి. ఇంకా రూ.81,400 మిగులుతుంది. దాన్ని 61కి పంచితే రూ.1,334 చొప్పున వస్తుంది, ఎవరికీ ఆనదు. బాగా దెబ్బతిన్న ఇరవై పొయ్యిలకు ఇస్తే రూ.4,070 చొప్పున. కుట్టుమిషన్ మోటరో ఇస్త్రీ బండో ఆటో రిపేరో, ఏదో ఒకటి మళ్లీ నడవడానికి ఊతమవుతుంది.

ఆ ఇరవై మంది ఎవరన్న దగ్గరే గొడవ మొదలవుతుంది. అందుకని పేర్లు ఎత్తకముందే కొలతలు ఖాయం చేసుకోండి. నీళ్లు ఎంత లోతు వచ్చాయన్నది కొలతగా పెట్టొద్దు. నెల జీతం వచ్చే ఇంట్లోకీ రోజు కూలీ ఇంట్లోకీ అవే నడుము లోతు నీళ్లొచ్చాయి, కోలుకోవడం మాత్రం ఒకేలా ఉండదు. సంపాదించే పనిముట్టు పోయిందా, నెలనెలా నికరంగా వచ్చేది ఉందా, ఇంట్లో మంచం పట్టినవాళ్లో పసిబిడ్డో ఉన్నారా, ఒంటరిగా ఉంటున్నారా, ఈ నాలుగూ చాలు. ఒక్కోదానికి ఒక మార్కు వేసి జాబితాను అందరి ముందు చదవండి. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాలను చూసే ఆర్పీకి (రిసోర్స్ పర్సన్‌కు) ఏ ఇంట్లో ఎన్ని పొయ్యిలు వెలుగుతాయో కచ్చితంగా తెలిసి ఉంటుంది, ఆమెను పిలిచి కూర్చోబెట్టండి. ఈ ప్రతిపాదన మీరు కాకుండా, ఇల్లు మునిగిన ఒక ఓనరు నోట వస్తే వింటారు. మీ వైపు ఆలోచించే ఓనరు ఒకరైనా ఉంటారు, ముందు ఆయన ఇంటికి వెళ్లి ఈ లెక్కల కాగితం చూపించండి. మీ మాట పడకపోవడానికి కారణం మాటలో తప్పు కాదు. మీ ఇల్లు పొడిగా ఉంది, వాళ్లకు ఆ మంట ఉంది. దాన్ని మనసుకు తీసుకోకండి.

ఒకవేళ పెద్దమనుషులు దిగిరాకపోతే మొత్తం కోసం పోట్లాడకండి. వైరింగ్ పరీక్ష ఒక్కదానికైనా ఒప్పించి, మిగతాది వాళ్లిష్టానికి వదిలేయండి. అన్నిట్లో ప్రాణాలతో ముడిపడింది అదే.

వైరింగ్‌ను వరసగా అందరికీ అని నేను పట్టుబట్టడానికి సారు కూడా కారణం. అన్నం గిన్నె పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడితే ఆయనకు అది దానంలా తోస్తోంది. లైను మొత్తానికి పని జరుగుతూ ఆయన ఇల్లు వరసలో వచ్చినప్పుడు చేయి చాచే ప్రశ్నే ఉండదు. తడి మంచం, పరుపు కూడా అలాగే, కాలనీలో తడిసిన పరుపులన్నీ పారేయించే రోజున ఆయనదీ బండెక్కుతుంది. మురుగు నీళ్లు తాగిన దూది పరుపు ఎండబెట్టినా పనికిరాదని అందరికీ కలిపి చెప్పండి. ఆయనకు చేతనైన పని కూడా మీ కాలనీకి ఇప్పుడు చాలా అవసరం. 61 పొయ్యిలకు దరఖాస్తులు రాయాలి, డబ్బు లెక్క పుస్తకం రాయాలి. పొద్దున రెండు గంటలు మీ వరండాలో కూర్చుని రాయమని అడగండి. అక్కడికి వచ్చేవాళ్లందరికీ టీ, టిఫిన్ ఉంటాయి, ఆయనకూ ఉంటాయి. రానంటే బలవంతం వద్దు. రాత్రిళ్లు నిద్ర లేకపోవడం, మాట తగ్గిపోవడం గమనిస్తే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి ఆయనతో మాట్లాడించవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

దరఖాస్తులు ఎందుకంటే, సర్కారు నష్టం లెక్కలో కిరాయిదార్లు జారిపోవడం తరచూ జరిగేదే. కరెంటు బిల్లు, ఇంటి పన్ను ఓనరు పేరు మీద ఉంటాయి కదా. విపత్తు నిధి 2022–26 నిబంధనల్లో పక్కా ఇల్లు పాక్షికంగా దెబ్బతింటే ఇచ్చే రూ.6,500 ఇంటిదిగా ఉండేది. బట్టలకు రూ.2,500, గిన్నెలు సామానుకు రూ.2,500 కుటుంబానివిగా ఉండేవి, అంటే ఆ ఇంట్లో ఉన్నవాళ్లవి. ఈ తేడా తెలిస్తే ఓనరు, కిరాయిదారు ఒకరి మీద ఒకరు పడరు, ఇద్దరూ వేర్వేరుగా అడగవచ్చు. తహసీల్దారుకు రాసే కాగితానికి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, రేషన్ కార్డు లేదా గ్యాసు బుక్కు, నీటి గుర్తు కనబడే గోడ ఫొటో, ఇక్కడే ఉంటున్నారని ఇద్దరు ఇరుగుపొరుగుల సంతకాలు జతచేయండి. రసీదు తీసుకోకుండా రావొద్దు. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి అందరూ కలిసి వెళ్లండి. గోడ కడిగేసి ఉంటే ఆ రోజు ఫోన్లలో తీసిన ఫొటోలు గ్రూపులో వెతికి పట్టుకోండి.

ఒంట్లో బాగోలేకపోతే ఆలస్యం చేయొద్దు. వరద నీళ్లలో తిరిగినవాళ్లకు జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే ఎలుక జ్వరం కావచ్చు. నీళ్లలో తిరిగిన నెల వరకూ బయటపడొచ్చు, కాబట్టి మీకు గడువు ఇంకా తీరలేదు. బస్తీ దవాఖానలో "వరద నీళ్లల్ల తిరిగినం" అని చెప్పాలి, ఆ మాట చెప్పకపోతే డాక్టరు మామూలు జ్వరంగానే చూడొచ్చు. పాత కూలర్లు, డ్రమ్ములు, టైర్లు వారానికొకసారి బోర్లించండి.

మీ మేడ గదిని గురించి ఒక మాట. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని ముంచినప్పుడు జనం మేడలు, ఇళ్ల కప్పులు ఎక్కి సాయం కోసం చూశారు. రెండు రోజులకు మన దగ్గరే భద్రకాళి చెరువు కట్ట తెగింది. పడవలు వచ్చేలోపు మొదటి గంటల్లో ఆసరా అయ్యేది పక్కింటి మేడే. అందుకని మీరు చేసింది చిన్న పని కాదు. కానీ వచ్చేసారి మీ ఒక్కరి మీదే పడకుండా ఇప్పుడే మాట్లాడుకోవాలి. లైనులో మేడ ఉన్న ఇళ్లు ఎన్నో చూసి, ఏ మునిగే ఇల్లు ఏ మేడకు వెళ్లాలో జతలు రాసి పెట్టుకోండి. సారుకు, మంచం పట్టినవాళ్లకు తీసుకెళ్లే మనిషి పేరు కూడా రాయండి. రాత్రిపూట నాలా నీళ్లు ఎంతదాకా వస్తే ఫోన్లు మొదలుపెట్టాలో కల్వర్టు గోడ మీద ఎర్ర గీత కొట్టించండి. ఇప్పటి నీటి గుర్తునూ నాలుగు చోట్ల రంగుతో గీయించండి, స్విచ్ బోర్డులు మళ్లీ పెట్టేటప్పుడు ఆ గీతకు అడుగు పైన పెట్టించాలి. మీ ఎలక్ట్రీషియన్‌కు ఈ సంగతి పని మొదలుపెట్టకముందే చెప్పాలి, లేకపోతే పాత గూళ్లలోనే బిగించి వెళ్లిపోతాడు.